మేడ మీద పన్నెండు పేర్లు

మా యోగా క్లాసులో చేరిన మొదటి వారంలోనే ఎవరికైనా ఒక వంతు అప్పజెబుతారు. మేడ ఊడ్చే వంతు, చాపలు పరిచే వంతు, దీపం పెట్టే వంతు, నమస్కారాలు లెక్కపెట్టే వంతు. నాకు బుధవారం దీపం వచ్చింది. ఏడాదిన్నర కావస్తోంది, ఇప్పటికీ బుధవారం దీపం నాదే. ఈ వంతు వల్ల ఒక పరాయి ఊరు నాకు సొంత ఊరెలా అయిందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది తెనాలి. నాది బ్యాంకు ఉద్యోగం. 2024 జూన్‌లో శ్రీకాకుళం బదిలీ అయింది. మా ఆయన ఉద్యోగం విజయవాడలో, అమ్మాయి చెన్నైలో ఫిజియోథెరపీ చదువుతోంది. యాభై దాటాక ఒక్కదాన్నే ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని ఉండాల్సి వచ్చింది. పగలంతా కౌంటరు ముందు జనమే, మాటలే. సాయంత్రం తాళం తీసి లోపలికి అడుగుపెడితే మాత్రం రేపు పొద్దున దాకా నోరు విప్పే పని లేదు. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేవి. బట్టలు ఉతుక్కుని, వంట చేసుకుని, ఫోన్లు మాట్లాడేసినా ఇంకా మధ్యాహ్నం పన్నెండే అయ్యేది.

ఆగస్టులో తలనొప్పులు మొదలయ్యాయి. బీపీ చూపిస్తే డాక్టరుగారు మాత్ర మోతాదు పెంచారు. "ఉప్పు తగ్గించండి, రోజూ కాసేపు నడవండి, టెన్షన్ పెట్టుకోకండి, నలుగురితో కలిసి ఉండండి" అన్నారు. ఉప్పు తగ్గించడం నా చేతిలో ఉంది, నడక కూడా నా చేతిలోనే ఉంది. ఆ నలుగురు ఎక్కడున్నారో నాకు తెలియలేదు.

పక్కింటి పిన్నిగారు తెల్లవారుజామున గేటు తీసుకుని ఎటో వెళ్లడం రోజూ వినబడేది. ఒకరోజు అడిగాను. "యోగాకి ఎల్తున్నానమ్మా. ఒక్కరూ ఇంట్లో ఏటి సేస్తారు, మీరూ రండి" అన్నారు. మర్నాడు ఆవిడ వెనకే వెళ్లాను.

మా వీధి చివర ఒక కల్యాణ మండపం ఉంది. దాని మేడ మీద అయిదున్నరకి క్లాసు. నేర్పేది ఒక రిటైరైన పీఈటీ మాస్టారు. ఫీజు లేదు. నూనెకీ, చీపుళ్లకీ, కరెంటుకీ నెలనెలా తలా కొంత వేసుకుంటాం, అంతే. వచ్చేవాళ్లు ఇరవై మంది దాకా ఉంటారు. టైలరు, కిరాణా కొట్టాయన, ఇద్దరు టీచర్లు, కానిస్టేబుల్ పరీక్షకి చదువుకుంటున్న ఒక అమ్మాయి, పెన్షనర్లు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయన. ఆయన్ని అందరూ డ్రైవరు బాబాయి అంటారు, నేనూ అలాగే అంటాను.

మొదటిరోజు నన్ను ఆశ్చర్యపరిచింది ఆసనాలు కాదు, వాటికి ముందు జరిగిన పది నిమిషాలు. ఒకరు ఊడుస్తున్నారు. ఒకరు తడిగుడ్డతో నేల తుడుస్తున్నారు. ఒకరు తూర్పు పక్క పిట్టగోడ దగ్గర కుంది పెట్టి వత్తి వేస్తున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడకూడదని నియమమేమీ పెట్టలేదట, అలా అలవాటైపోయింది. దీపం వెలిగాక అందరూ చాపల మీద నిలబడి మూడుసార్లు ఓంకారం చెప్పారు. అప్పటికి నేను ఎవరితోనూ పరిచయం చేసుకోలేదు. అయినా మూడో ఓంకారానికి నా గొంతు వాళ్ల గొంతుల్లో కలిసిపోయింది.

ఆ తరువాత సూర్య నమస్కారాలు. మాస్టారు నేర్పేది పన్నెండు స్థితుల పద్ధతి. ప్రణామాసనంతో మొదలుపెట్టి, చేతులు పైకెత్తి హస్త ఉత్తానాసనం, వంగి పాదహస్తాసనం, కాలు వెనక్కి చాపి అశ్వసంచలనం, నడుము పైకెత్తి పర్వతాసనం, అక్కడి నుంచి అష్టాంగ నమస్కారం, భుజంగాసనం. మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చి నిలబడటం. పైకి లేచేటప్పుడు గాలి పీల్చాలి, వంగేటప్పుడు వదలాలి. అష్టాంగ నమస్కారంలో రెండు పాదాలు, రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, ఛాతీ, గడ్డం నేలకు ఆనతాయి. అక్కడ ఊపిరి బిగబట్టాలని చాలామంది నేర్పుతారు. మాస్టారు మాత్రం నన్ను విడిగా పిలిచి, "మీకు బీపీ కాబట్టి బిగబట్టొద్దమ్మా, మామూలుగా వదిలెయ్యండి. వంగినప్పుడు తల మరీ కిందికి వేలాడదీయొద్దు. మాత్రలు మానేస్తానంటే మాత్రం నా క్లాసుకి రావద్దు" అన్నారు. ఆ మాటతో ఆయన మీద గురి కుదిరింది.

మొదటి నెల మణికట్లు బాగా నొప్పి పుట్టాయి. పర్వతాసనంలో మడమలు నేలకి ఆనేవి కావు, ఇప్పటికీ పూర్తిగా ఆనవు. అమ్మాయి వీడియో కాల్‌లో చూసి, వేళ్లు విప్పి అరచెయ్యి మొత్తం ఆనిస్తే బరువు మణికట్టు మీద పడదని చెప్పింది. దాంతో కొంత నయమైంది. ఒళ్లు కుదురుకోవడానికి పట్టిన కాలం గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు. ఈ వయసులో మొదలుపెట్టిన ఎవరికైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

నాలో కదలిక వచ్చింది మంత్రాల దగ్గర.

ఒక్కో నమస్కారానికి ముందు సూర్యుడి పేరు ఒకటి చెబుతారు. పన్నెండు పేర్లు. ఆ రోజు మంత్రాలు చెప్పాల్సిన టీచరుగారు రాలేదు. మాస్టారు "పేర్లు వరసగా ఎవరికైనా వచ్చా?" అన్నారు. నేను చెయ్యి ఎత్తలేదు, వచ్చని అనుకోలేదు కూడా. కాని మొదటి నమస్కారానికి నిలబడగానే నా నోటి నుంచి "ఓం మిత్రాయ నమః" అని వచ్చింది. తరువాత రవయే, సూర్యాయ, భానవే, ఖగాయ, పూష్ణే, హిరణ్యగర్భాయ, మరీచయే, ఆదిత్యాయ, సవిత్రే, అర్కాయ, భాస్కరాయ. ఒక్కటీ తప్పలేదు. చివరి పేరు చెప్పి చేతులు జోడించేసరికి కళ్లు తడిశాయి.

అవి మా నాన్న పేర్లు. నేను చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఆయన పెరట్లో తులసికోట పక్కన నమస్కారాలు చేసేవారు. ఆ రోజు ఒక్కపూటే భోజనం, అదీ ఉప్పు లేకుండా చప్పిడి. ఆదివారం సూర్యుడి కోసం ఉప్పు మానేయడం మా వైపు చాలా ఇళ్లలో ఉన్న నోమే. ఆయన చేస్తుంటే మేం పిల్లలం పక్కన గచ్చకాయలు ఆడుకుంటూ ఉండేవాళ్లం. మాకెవరూ నేర్పలేదు, మేమూ నేర్చుకోవాలనుకోలేదు. నలభై ఏళ్లు ఆ పేర్లు నాలో ఎక్కడున్నాయో తెలియదు.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయనకి 82. మోకాళ్లు అరిగిపోయి నమస్కారాలు మానేసి చాలా ఏళ్లయింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పూష్ణే దగ్గర తడబడలేదు కదా అమ్మాయ్? అక్కడ అందరూ పూషాయ అంటారు" అన్నారు. తడబడలేదన్నాను. "అయితే ఆదివారం నాకు ఫోన్ చెయ్యి. నేను పేర్లు చెబుతా, నువ్వు చెయ్యి" అన్నారు.

అప్పటి నుంచి ఆదివారం క్లాసు అయ్యాక ఇంటికొచ్చి ఫోన్ స్పీకర్‌లో పెట్టి కిటికీలో ఉంచుతాను. నాన్న తెనాలిలో కుర్చీలో కూర్చుని పేరు చెబుతారు, చేతులు మాత్రం పైకెత్తి దించుతారు. నేనిక్కడ పూర్తి నమస్కారం చేస్తాను. నాకు ఆయాసం వస్తే ఆయనకి వినబడుతుంది, ఆగుతారు. మేమిద్దరం ఇంతకుముందు ఫోన్‌లో మాట్లాడుకునేది మందుల గురించీ, కరెంటు బిల్లు గురించీ, ఆడపడుచు వాళ్ల గొడవల గురించీ. ఈ పన్నెండు పేర్ల తరువాత ఇద్దరికీ వేరే మాటలు వస్తాయి. తన నాన్న గురించి ఆయన నాకు మొదటిసారి చెప్పింది ఒక ఆదివారం ఇలాగే. తాతయ్య కాలంలో పురోహితుడు వచ్చి అరుణం పారాయణ చేస్తుంటే, అనువాకానికి, అంటే అందులోని ఒక్కో భాగానికి, ఒకటి చొప్పున నమస్కారాలు చేసేవారట. అరుణమంటే యజుర్వేదానికి చెందిన తైత్తిరీయారణ్యకంలోని మొదటి ప్రశ్న, అంటే మొదటి అధ్యాయం. గంటకు పైగా పడుతుంది. అంతసేపు చేయలేక నాన్న పన్నెండు పేర్లతో సరిపెట్టుకున్నారట.

ఈ సంగతి మాస్టారికి చెబితే ఆయన ఇంకో మాట చెప్పారు. సూర్య నమస్కారాలను ఇప్పుడు మనం చేస్తున్న వ్యాయామం రూపంలో దేశమంతా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి అనీ, అది 1920ల నాటి మాటనీ. పాత హఠయోగ గ్రంథాల్లో ఈ వరుస కనిపించదని కూడా చెప్పారు. క్లాసులో ఒకరిద్దరికి ఆ మాట నచ్చలేదు. వేల ఏళ్ల నాటిదని నమ్మి చేస్తున్నాం కదా అన్నారు. నాకు మాత్రం తేడా ఏమీ అనిపించలేదు. స్థితుల వరుసకి వందేళ్లే కావచ్చు. పొద్దున్నే తూర్పుకి తిరిగి నీళ్లు వదిలి దండం పెట్టుకోవడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఋగ్వేదం మొదటి మండలంలోనే ఉదయిస్తున్న సూర్యుణ్ణి నా గుండె జబ్బునూ కామెర్ల పచ్చదనాన్నీ పోగొట్టమని వేడుకునే ఋక్కు ఉంది. ఆ ఋక్కుతో మొదలయ్యే మూడు ఋక్కులనూ నమస్కారాలకి కలిపి చేసే తృచ పద్ధతి ఇప్పటికీ వైదికుల ఇళ్లలో నడుస్తోంది. బీపీ మాత్ర వేసుకుని మేడ ఎక్కే నాకు, అన్ని తరాల వెనక ఎవరో గుండె కోసం ఇదే సూర్యుణ్ణి అడిగారంటే చాలా దగ్గరి మాటగా తోచింది.

డ్రైవరు బాబాయి గురించి చెప్పాలి. ఆయన ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్. చర్చికి తప్పకుండా వెళ్తారు. నడుము నొప్పికి యోగాలో చేరారు. మంత్రాలు చెప్పరు, దీపం వంతు తీసుకోరు. చేరినరోజే మాస్టారు "మీరు ఊపిరి చూసుకోండి చాలు" అన్నారట. మంత్రం చెప్పని మనిషి కాబట్టి లెక్క ఆయనకి అప్పగించారు. ఎడమ పక్క గిన్నెలో చింతగింజలు పెట్టుకుని, ఒక్కో పన్నెండు పూర్తయినప్పుడల్లా ఒక గింజ కుడి గిన్నెలో వేస్తారు. ఆయన లెక్క తప్పినట్టు ఎవరూ చెప్పుకోగా వినలేదు. గింజ గిన్నెలో పడిన చప్పుడు వింటే గాని మాకు తరువాతి పన్నెండు మొదలుపెట్టాలనిపించదు.

అమ్మాయి ఒకసారి ఒక పరిశోధన గురించి పంపింది. ఇటలీలో లూసియానో బెర్నార్డి అనే డాక్టరు బృందం చేసి, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించినది. కొంతమంది చేత క్యాథలిక్కులు జపమాలతో చేసే రోజరీ ప్రార్థనను లాటిన్‌లో చెప్పించారు, ఓం మణి పద్మే మంత్రం కూడా చెప్పించారు. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి దిగిందట. గుండె కొట్టుకోవడంలో, రక్తపోటులో వచ్చే హెచ్చుతగ్గులు కూడా ఆ లయకి వచ్చాయట. మామూలుగా మనం నిమిషానికి పన్నెండుసార్లకు తక్కువ కాకుండా ఊపిరి తీస్తాం. ఇది బాబాయికి తెలుగులో చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది. జేబులోంచి జపమాల తీసి చూపించి, "రోజూ రాతిరి దీంతోనే కదమ్మా పడుకుంతాను" అన్నారు. మరునాటి నుంచి శవాసనం ముందు అయిదు నిమిషాలు ఎవరి ప్రార్థన వాళ్లు మనసులో చెప్పుకోవడం క్లాసులో భాగమైంది. ఈ మార్పు మాస్టారే చేశారు.

వంతుల గురించి ఒక చర్చ కూడా జరిగింది. నెలసరి రోజుల్లో దీపం వంతు వస్తే ఏం చేయాలని చిన్నవాళ్లలో ఒకరు పిన్నిగారిని అడిగారు. ఆడవాళ్లం అందరం క్లాసు అయ్యాక కూర్చున్నాం. కొందరికి ఇబ్బంది లేదు, కొందరికి మనసొప్పదు. చివరికి, ఎవరి ఇష్టం వాళ్లది, వద్దనుకుంటే పక్కవాళ్లతో వంతు మార్చుకోవచ్చు, ఎందుకని ఎవరూ అడగకూడదు అని పెట్టుకున్నాం. ఆ కూర్చోవడంలోనే నేను మొదటిసారి వాళ్లలో ఒకదాన్నయ్యాననిపించింది. ఇలాంటి సంగతి పరాయివాళ్ల ముందు మాట్లాడుకోరు కదా.

2025 ఫిబ్రవరి 4న రథసప్తమి వచ్చింది. శ్రీకాకుళంలో రథసప్తమి అంటే ఊరు ఊరంతా అరసవల్లి వైపే ఉంటుంది. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో సూర్యనారాయణస్వామి గుడి. కళింగ రాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెబుతారు. ఆ సంవత్సరం ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగగా జరిపింది. అర్ధరాత్రి దాటాక క్షీరాభిషేకం మొదలవుతుంది, స్వామి నిజరూప దర్శనం కోసం జనం ముందురోజు సాయంత్రం నుంచే బారులు తీరతారు. మా క్లాసుకి మాత్రం ఆ రోజు వేరే కార్యక్రమం. మేడ మీద 108 నమస్కారాలు చేసి, ఆ తరువాతే ఎవరి దర్శనానికి వాళ్లు వెళ్లాలి.

ముందురోజు బ్యాంకు నుంచి వచ్చేసరికి గేటుకి ఒక సంచి తగిలించి ఉంది. లోపల ఏడు జిల్లేడు ఆకులు, గుప్పెడు రేగిపళ్లు, చిక్కుడు ఆకులు. ఈ ఊళ్లో జిల్లేడు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదని పిన్నిగారికి తెలుసు. తెల్లవారుజామున ఆ ఆకులు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేశాను. పెళ్లయి వచ్చాక పండగలన్నీ ఇంటిల్లిపాదికీ చేసిపెట్టడంలోనే గడిచాయి. ఎవరికీ వండిపెట్టే తొందర లేకుండా, నాకోసం నేను రథసప్తమి స్నానం చేయడం అదే మొదలు.

అయిదింటికి మేడ మీదికి చేరేసరికి ఇంకా చీకటి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మా క్లాసు సగం చీకట్లోనే నడుస్తుంది, సూర్యుడు ఆరున్నరకి గాని రాడు. 108 అంటే పన్నెండు తొమ్మిదిసార్లు. బాబాయి గిన్నెలో తొమ్మిది గింజలు పెట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పన్నెండో ఇరవై నాలుగో చేసి, కూర్చుని పేర్లు చెప్పాలని మాస్టారి ఆజ్ఞ. నన్ను "అరవై దగ్గర ఆగి చూసుకోండి, కళ్లు తిరిగినా, తల బరువెక్కినా కూర్చోండి" అన్నారు.

మొదటి రెండు గింజలు తేలిగ్గా పడ్డాయి. ఒళ్లు వేడెక్కింది, చలి పోయింది. మూడో పన్నెండులో మనసు ఎక్కడెక్కడికో పోయింది. ఆడిట్ ఫైళ్లు, అమ్మాయి హాస్టల్ ఫీజు, వంటింట్లో మూతపెట్టకుండా వచ్చిన పాలు. నాలుగులో చేతులు బరువెక్కాయి. అయిదో గింజ పడినప్పుడు ఆగి చూసుకున్నాను. గుండె వేగంగా ఉంది గాని తల తేలిగ్గానే ఉంది. మాస్టారు నా ముఖం చూసి తలూపారు. ఆరులో ముంజేతులు వణకడం మొదలైంది. భుజంగాసనం నుంచి పర్వతాసనానికి లేవడం ఒక్కోసారీ ఒక నిర్ణయంలా ఉండేది. అప్పటికి కూర్చున్నవాళ్లు సగం మంది. వాళ్లే పేర్లు చెబుతున్నారు, చేసేవాళ్లం ఊపిరి మాత్రం చూసుకుంటున్నాం.

ఏడో పన్నెండు మధ్యలో నా మనసులో మాటలు ఆగిపోయాయి. దీన్ని ఇంతకంటే బాగా చెప్పలేను. ఇంకెన్ని ఉన్నాయనే లెక్క లేదు, చేస్తున్నాననే తలపు లేదు. పేరు వినబడితే ఒళ్లు వంగుతోంది, పేరు వినబడితే లేస్తోంది. పక్క చాప మీద కానిస్టేబుల్ పరీక్షకి చదివే అమ్మాయి. ఆమె ఊపిరి, నా ఊపిరి ఒకేసారి వెళ్తున్నాయి. ఒకచోట నా మోచేతులు మడతపడి అష్టాంగ నమస్కారం నుంచి లేవలేకపోతే, ఆ అమ్మాయి కూడా లేవకుండా అలాగే ఉండిపోయింది. నేను లేచాకే లేచింది. ఒక్క మాటా అనలేదు.

ఎనిమిదో పన్నెండులో తూర్పు ఎరుపెక్కింది. తొమ్మిదిలో, ఎన్నో పేరు దగ్గరో గుర్తులేదు, ఎండ పిట్టగోడ దాటి చాపల మీద పడింది. కూర్చున్నవాళ్ల గొంతులు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. చివరి గింజ గిన్నెలో వేసి బాబాయి రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టారు. ఎవరూ చెప్పకుండానే అందరం నేలమీదే బోర్లా పడుకుని సాష్టాంగం చేశాం.

నమస్కారమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటివరకు ఒంటికి మంచిదని చేశాను, నాన్న కోసం చేశాను. ఆ రోజు ఎవరికో పెట్టాను. అది సూర్యుడికా, లెక్క తప్పనివ్వని బాబాయికా, నాకోసం నేలమీద ఆగిన ఆ అమ్మాయికా అంటే విడదీసి చెప్పలేను. అందరికీ అనుకుంటాను.

తరువాత పిన్నిగారి పెరట్లో పిడకలు రాజేసి కొత్త గిన్నెలో పాలు పొంగించి పరమాన్నం వండాం. చిక్కుడుకాయలకు ఈనెపుల్లలు గుచ్చి రథం చేయడం ఆవిడ మనవరాలికి నేను నేర్పాను. అది మా అమ్మ నాకు నేర్పినది. చిక్కుడు ఆకుల్లో నైవేద్యం పెట్టి, నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. అరసవల్లి దర్శనానికి సాయంత్రం వెళ్లాం. క్యూలో నాలుగు గంటలు నిలబడ్డా చేతుల నొప్పే గాని కాళ్ల నొప్పి తెలియలేదు.

అదే ఏడాది జూన్ 21న విశాఖలో జరిగిన యోగా దినోత్సవానికి మా క్లాసు నుంచి ఒక బస్సు వెళ్లింది. ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా, మూడు లక్షల మందికి పైగా. ముందురోజు ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో ఇరవై రెండు వేలకు పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. ఆ పిల్లల్ని టీవీలో చూసి, ఏడో పన్నెండులో వాళ్ల చేతులు ఎలా ఉన్నాయో నాకు తెలుసనిపించి గర్వంగా తోచింది. సముద్రం ఒడ్డున అంత జనంతో చేయడం గొప్పగానే ఉంది. అయినా మర్నాడు మా మేడ మీద ఇరవై మందిలో నిలబడితే ఒళ్లు ఇంకా స్థిమితపడింది. నా పక్క చాప ఎవరిదో నాకు తెలుసు కాబట్టి అనుకుంటాను.

అరసవల్లిలో ఏటా మార్చి 9, 10, 11 తేదీల్లో, అక్టోబరు 1, 2, 3 తేదీల్లో ఉదయపు కిరణాలు గుడి లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. కొన్ని నిమిషాలే. మబ్బు పడితే అదీ ఉండదు. 2025 అక్టోబరు 2 దసరా సెలవు కావడంతో క్లాసంతా కలిసి వెళ్లాం. వాయుగుండం రోజులవి. గాలి, చినుకులు, ఆకాశమంతా మూసుకుపోయింది. కిరణం రాలేదు. అంతదూరం నుంచి వచ్చినవాళ్లు నిరాశగా వెళ్లిపోతుంటే, మా టైలరు అన్నయ్య, "ఇయ్యాల కనపడనేదు గాని మన పని మనకుంది కదా" అని అందరినీ వెంటనే ఇంటి దారి పట్టించాడు. తిరిగొచ్చి కల్యాణ మండపం లోపలి హాల్లో, వాన చప్పుడు మధ్య, పన్నెండూ చేశాం.

అన్నీ బాగైపోయాయని చెప్పను. బీపీ మాత్ర వేసుకుంటూనే ఉన్నాను, తలనొప్పులు తగ్గాయి, రీడింగు నిలకడగా ఉంది. కొన్ని సాయంత్రాలు ఇల్లు ఇప్పటికీ ఖాళీగానే ఉంటుంది. కొన్ని పొద్దులు నమస్కారాలు ఏ రుచీ లేకుండా సాగిపోతాయి, ఒళ్లు వంగుతుంది గాని మనసు వంగదు. అలాంటి రోజుల్లో నన్ను మంచం మీద నుంచి లేపేది భక్తీ కాదు, ఆరోగ్యమూ కాదు, వంతు. నేను వెళ్లకపోతే బుధవారం కుందిలో నూనె ఉండదు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఇంట్లో చేసుకోవచ్చు కదా అని మా బ్రాంచిలో అడుగుతుంటారు. ఆసనాలు వీడియో చూసి చక్కగా నేర్చుకోవచ్చు, కాదనను. కాని వీడియోలో మనకోసం ఎవరూ ఎదురుచూడరు. జ్వరం వచ్చి రెండు రోజులు మానేస్తే కిరాణా కొట్టాయన కొడుకు గేటు కొట్టి, "ఏటమ్మా రానేదు, నాన్న కనుక్కోమన్నాడు" అన్నాడు. చేతిలో చోడి (రాగి) అంబలి గిన్నె. అది తాగి మూడోరోజు లేచాను.

ఈసారి రథసప్తమి 2026 జనవరి 25న, ఆదివారం వచ్చింది. సప్తమి ఆదివారం నాడు పడితే భానుసప్తమి అంటారు, సూర్యుడి తిథి, సూర్యుడి వారం కలిసొచ్చాయి. పంచాంగం చూడగానే నాన్న ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఇలాంటిది నాకు మళ్లీ దొరుకుతుందో లేదో. నేనొస్తున్నాను" అన్నారు. తమ్ముడు వద్దన్నాడు, మా ఆయన ఆలోచించమన్నారు. నేను టికెట్లు తీశాను. తెనాలి నుంచి రైల్లో ఆమదాలవలస దాకా, అక్కడి నుంచి బాబాయి తన అల్లుడి కారు తెస్తానన్నారు. మేడకి లిఫ్టు లేదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకెళ్తామని టైలరు అన్నయ్య, కొట్టాయన మాట్లాడేసుకున్నారు. ఈ మాట చెబితే నాన్నకి కోపం వచ్చింది. "మెట్లెన్నో చెప్పు" అన్నారు. వెళ్లి లెక్కపెట్టి ఇరవై రెండని చెప్పాను. ఇప్పుడు రోజూ సాయంత్రం ఊతకర్ర పట్టుకుని వీధి అరుగు మెట్లు ఎక్కి దిగుతున్నారట. నిన్నటికి పదకొండయ్యాయి.